రాజీ అయిపాయె, మరి ఆమె మూడెకరాల సంగతేంది?

నేపాల్లో 2006 నవంబర్ 21న ప్రధాని గిరిజా ప్రసాద్ కొయిరాలా, మావోయిస్టుల నాయకుడు ప్రచండ ఇద్దరూ సంతకాలు పెట్టి పదేళ్ళ యుద్ధం అయిపోయింది అన్నారు. మంచిదే. ఆ ఒప్పందంలోనే ఇంకో మాట కూడా రాసుకున్నారు, రెండు పక్కలా కనపడకుండా పోయినవాళ్ళు ఏమైనారో, చచ్చిపోయినవాళ్ళ పేర్లు ఏందో 60 రోజుల్లో బయటపెడతాం అని. 60 రోజులు పోయె, ఏండ్లు పోయె, ఆ పని కోసం కమిషన్లు వేసిందే 2015 ఫిబ్రవరిలో. ఒకటి నిజాలు తేల్చేదానికి, ఇంకొకటి మాయమైన మనుషుల కోసం. మొదటిదానికి 60 వేలకు పైగా అర్జీలు వచ్చి పడినాయి. అవి తేలనే తేలల్యా, 2024 ఆగస్టులో మళ్ళీ చట్టం సవరించుకుని మళ్ళీ మొదటికొచ్చినారు.

నేను కర్నూల్లో కలెక్టరేట్ దగ్గర అర్జీలు రాసిపెట్టే మనిషిని. సోమవారం గ్రీవెన్స్ అంటే పొద్దున ఏడుకే జనం. అందుకే 60 వేల అర్జీలు అని చదివితే నాకు అది వట్టి అంకె లెక్క కనపడదు, 60 వేలసార్లు ఎవరో ఒక ఆడమనిషో ముసలాయనో బస్సు దిగి, ఎవరినో బతిమాలి, జరిగింది మొత్తం మొదటినుంచి చెప్పుకుని, "ఇంత వద్దమ్మా, పేజీలో పట్టదు, కుదించి చెప్పు" అని నాలాంటోడు అంటే మళ్ళీ కుదించి చెప్పుకుని, రసీదు తీసుకుని మడిచి రైకలో పెట్టుకుని పోవడం కనపడుతుంది. ఆ రసీదుకు ఎంత విలువ ఉంటుందో నాకు బాగా తెలుసు, నేను చెప్పబోయేదంతా దాని గురించే.

మన రాయలసీమ ఒక దేశం కాదు, మన ఫ్యాక్షన్ ఒక యుద్ధం కాదు, ఆ సంగతి ఎవరూ నాకు చెప్పబన్లేదు. నేపాల్లో చనిపోయినవాళ్ళు 13 వేలకు పైనే, దాంతో పోలిస్తే మనది ఏ మూలకూ రాదు. కానీ రాజీ ఎట్ల కుదుర్తుందో, కుదిరినాక ఊర్లో ఎవరికి ఏం మిగుల్తుందో కర్నూలు, కడప, అనంతపురం జిల్లాల్లో పెరిగినోళ్ళకు తెలిసినంతగా ఏసీ హాల్లో సెమినార్ పెట్టేవాళ్ళకు తెలీదు. మన దగ్గర మనిషిని చంపేది ఆఖర్న. ముందు చీనీ (బత్తాయి) చెట్లు నరుకుతారు. చీనీ కాపుకు రావాలంటే ఐదేండ్లు సాకాల, ఒక్క రాత్రిలో గొడ్డలి పెడితే ఐదేండ్ల నీళ్ళు, ఎరువు, అప్పు అన్నీ పోతాయి, మళ్ళీ నాటినా ఐదేండ్లు బువ్వ ఉండదు. మోటారు స్టార్టర్ పగలగొడతారు, గడ్డివామికి అగ్గి పెడతారు. ఆ తర్వాత మనుషులు ఊరు విడుస్తారు. సేన్లు బీడు పడతాయి, లేదంటే ఎదురు పార్టీ వాళ్ళో, సొంత పార్టీలోనే బలమున్నోడో దున్నుకుంటాడు.

నా దగ్గరకు ఒకామె మ్యుటేషన్ అర్జీకి, అంటే భూమి రికార్డులో పేరు మార్పించుకునేదానికి, వచ్చింది. ఊరు చెప్పను. మొగుణ్ణి చంపి చానా ఏండ్లయింది, అప్పట్నుంచి కర్నూల్లోనే ఒక హాస్టల్లో వంట చేస్తాంది. తర్వాత రెండు పార్టీల పెద్దలకూ రాజీ అయింది, పెళ్ళిళ్ళకు ఒకరింటికొకరు పోతున్నారు, ఇప్పుడు కాంట్రాక్టుల్లో కూడా భాగస్వాములంట. మూడెకరాలు ఇంకా మామ పేరు మీదనే ఉంది, బావ దున్నుకుంటాడు. ఆ బావే కేసులో కంటిసాక్షి. కోర్టులో "చీకటి సార్, మొగాలు కనపల్యా" అన్నాడు. ఆయన్ని కూడా ఏమనలేం, ఆయన ఆ ఊర్లోనే బతకాల కదా. 1బి, అడంగల్ అనే భూమి రికార్డులు ముందు పెట్టుకుని సర్వే నంబరు అడిగితే ఆమె గడగడా చెప్పింది, అట్ల నోటికి వచ్చినోళ్ళను నేను తక్కువ చూసినాను. "అన్నా, వాళ్ళిద్దరికీ రాజీ అయింది సరే, నాతో ఎవురు రాజీ అయినారు?" అనింది. నేను రాస్తావున్న పెన్ను ఆపి ఏమీ చెప్పలేక మళ్ళా రాసినా.

చట్టం చదువుకున్నోళ్ళు ఇక్కడ ఒక మాట అంటారు, హత్య కేసులో రాజీ చెల్లదు కదా అని. నిజమే, చెల్లదు. చిన్నపాటి దెబ్బలు, తిట్లు లాంటివాటికి కోర్టు రాజీ ఒప్పుకుంటుంది కానీ హత్యకు ఒప్పుకోదు. అందుకే రాజీ కాగితం మీద జరగదు, సాక్షి నోట్లో జరుగుతుంది. పోలీసులు రాసుకున్న స్టేట్‌మెంట్ మీద సాక్షి సంతకం ఉండదు, అది ఒక్కటే ఉంటే సాక్ష్యంగా నిలబడదు, బోనెక్కి చెప్పిందే లెక్క. బోనెక్కినాక నేను చూడల్యా అంటే ప్రభుత్వ లాయరు పీపీ గారు "హోస్టైల్" (అడ్డం తిరిగిన సాక్షి) అని రాయించి రెండు మూడు ప్రశ్నలు అడిగి కూర్చుంటారు. ఒక్కొక్కరుగా సాక్షులందరూ అడ్డం తిరిగితే జడ్జి గారు మాత్రం ఏం చేస్తారు, కేసు కొట్టేస్తారు. పైకి చూస్తే అంతా చట్టప్రకారమే జరిగినట్టు ఉంటుంది, నిజానికి తీర్పు ఎన్నో నెలల ముందే ఎవరి గెస్ట్ హౌస్‌లోనో అయిపోయింటుంది.

ఇప్పుడు దీన్ని దేశమంత పెద్దగా చేసి చూడండి. పశ్చిమాఫ్రికాలోని సియెర్రా లియోన్ యుద్ధం ఆపేదానికి 1999 జూలైలో లోమే అనే ఊర్లో ఒప్పందం జరిగింది. జనం చేతులు నరికిన తిరుగుబాటు సైన్యానికి మొత్తం క్షమాభిక్ష, దాని నాయకుడు ఫోడే శంకోకు వైస్ ప్రెసిడెంట్ హోదా, దాంతోపాటు వజ్రాల గనులు చూసే కమిషన్‌కు చైర్మన్ పదవి. ఆ యుద్ధం నడిచిందే చానా వరకు వజ్రాల డబ్బు మీద, తాళాలు తీసుకుపోయి ఆయన చేతికే ఇచ్చినారు! ఐక్యరాజ్యసమితి ప్రతినిధి మాత్రం సంతకం పెడుతూ, జాతిహత్య, యుద్ధనేరాల లాంటివాటికి ఈ క్షమాభిక్ష వర్తించదు అని చేత్తో ఒక లైను రాసినాడు. ఏడాది తిరక్కముందే శాంతిసైనికులను వందల్లో పట్టుకుని బందీలు చేసినారు, కైలాహున్‌లో మన ఇండియా జవాన్లు కూడా చిక్కుబడితే 2000 జూలైలో ఆపరేషన్ ఖుక్రీ చేసి బయటికి తెచ్చుకోవాల్సి వచ్చింది. తర్వాత పెట్టిన ప్రత్యేక కోర్టులో చివరికి ఆ తిరుగుబాటుకు సాయం చేసిన పక్కదేశం లైబీరియా మాజీ అధ్యక్షుడు చార్లెస్ టేలర్‌కే 2012లో 50 ఏండ్ల జైలు పడింది. ఆ కోర్టు క్షమాభిక్షను లెక్క చేయలేదు, ఆ చేత్తో రాసిన లైనుకు అట్ల ప్రాణం వచ్చింది.

నేపాల్‌కే వస్తే ఇంకో లెక్క నన్ను బాగా కుదిపింది. ఐరాస వాళ్ళు తేల్చిన మావోయిస్టు సైనికులు 19,602 మంది. సైన్యంలో చేరకుండా ఇంటికి పోయినవాళ్ళకు ర్యాంకును బట్టి 5 నుంచి 8 లక్షల నేపాలీ రూపాయలు ఇచ్చినారు. ఇచ్చింది తప్పు అనను, తుపాకి దించినోడికి చేతిలో పని లేకపోతే మళ్ళీ తుపాకే పట్టుకుంటాడు. చనిపోయినవాళ్ళ కుటుంబాలకు కూడా విడతలు విడతలుగా డబ్బు ఇచ్చినారు. కానీ తుపాకి పట్టినోళ్ళకు లిస్టు ఉంది, వెరిఫికేషన్ ఉంది, గడువు ఉంది. మాయమైన మనిషి ఇంటివాళ్ళకు మాత్రం "నా కొడుకును యాడ పూడ్చినారు" అనే ఒక్క ప్రశ్నకు గడువే లేకుండా పోయింది. బలం ఉన్నోడి సమస్య ముందు తీరుతుంది ఎందుకంటే వాడు తిరిగి కొట్లాట పెట్టగలడు, పెండ్లాం పెట్టలేదు, తల్లి పెట్టలేదు.

దీనికి ఎదురుమాట గట్టిదే ఉంది, దాన్ని దాటేసి పోతే నేను కూడా ఉపన్యాసం ఇచ్చినట్టే అవుతుంది. మా మామ ఒకాయన ఉన్నాడు, ఎప్పుడు ఈ మాట ఎత్తినా కోప్పడతాడు. "ఏందిరా నీ హక్కులు, రాజీ కాకపోయింటే మీ చిన్నాయన కొడుకులు ఈపొద్దు బెంగళూర్లో సాఫ్ట్‌వేర్ చేస్తాందురా? పాతయి గెలికితే మళ్ళీ నెత్తర్లు కారతాయి" అంటాడు. ఆయన చెప్పేదాంట్లో అబద్ధం లేదు. మా పిల్లోళ్ళు నాటుబాంబు అంటే సినిమాల్లోనే చూసినారు, అది చిన్న సంగతి కాదు. దేశాల్లో కూడా ఉంది ఉదాహరణ, మొజాంబిక్. 1992 అక్టోబర్‌లో రోములో ఒప్పందం చేసుకుని, అందరికీ క్షమాభిక్ష ఇచ్చేసి, కోర్టులు కమిషన్లు ఏమీ పెట్టలేదు. ఊర్లల్లో పెద్దమనుషులు, వైద్యం చేసేవాళ్ళు వాళ్ళ ఆచారం ప్రకారం సైనికులను శుద్ధి చేసి ఇండ్లల్లోకి తీసుకున్నారు. దాదాపు ఇరవై ఏండ్లు శాంతిగానే గడిచింది, 2013లో గానీ మళ్ళీ కొట్లాట లేవలేదు. ఇరవై ఏండ్లంటే ఒక తరం పిల్లలు పెరిగి పెద్దోళ్ళయినారు, దాన్ని చిన్నగా తీసేయడం నాకు చేతకాదు.

కాబట్టి నేను రాజీ వద్దు అనేవాణ్ణి కాదు, అందరినీ జైల్లో పెట్టాల అని కూడా అనడంల్యా. రువాండాలో 1994 జాతిహత్య తర్వాత లక్ష మందికి పైగా జైళ్ళల్లో కుక్కి పెట్టుకుని, మామూలు కోర్టులైతే వంద ఏండ్లు పడుతుందని, ఊరి చెట్టు కింద గచాచా కోర్టులు పెట్టి 2012 దాకా 19 లక్షలకు పైగా కేసులు నడిపినారు. అందులో లాయర్లు లేరు, పాత పగలు తీర్చుకున్నోళ్ళూ ఉన్నారు, అధికారంలో ఉన్న సైన్యం చేసిన హత్యలు అసలు వాటి ముందుకే రాలేదు. శిక్షలు వేయడమే హక్కులు అనుకుంటే అట్ల కూడా అవుతుంది. నా వాదన చిన్నది. రాజీలో కూర్చున్న ఇద్దరూ ఒకరికొకరు బాకీ లేకపోవచ్చు, కానీ ఇద్దరూ కలిసి మూడో మనిషికి బాకీ ఉన్నారు. ఆ బాకీ దేంట్లో కడతారో రాజీలోనే రాసుకోవాల, తర్వాత చూస్తాం అంటే అది ఎప్పటికీ రాదు.

అది దేంట్లో కట్టాల? నన్నడిగితే ముందు భూమి, ఇల్లు. ఈ విషయంలో నాకు బోస్నియా చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. 1992 నుంచి 95 దాకా జరిగిన యుద్ధంలో 20 లక్షలకు పైగా మనుషులు ఇండ్లు వదిలి పారిపోయినారు, ఆ ఇండ్లల్లో వేరే జాతివాళ్ళు, వాళ్ళు కూడా ఇంకో చోటినుంచి తరమబడినవాళ్ళే, చేరిపోయినారు. ఆ యుద్ధాన్ని ఆపిన డేటన్ ఒప్పందంలోనే ఎవరి ఇల్లు వాళ్ళకు తిరిగి ఇయ్యాల అని రాసినారు. రాసినంత మాత్రాన అయ్యిందా, కాలేదు, లోకల్ ఆఫీసుల్లో ఫైళ్ళు తొక్కిపెట్టినారు, మేయర్లే అడ్డం పడినారు. అప్పుడు ఒప్పందం అమలు చూసేదానికి అక్కడుండే అంతర్జాతీయ ప్రతినిధి (హై రిప్రజెంటేటివ్) అడ్డం పడిన అధికారులను ఉద్యోగంలోంచి తీసేసినాడు, నెలనెలా ఏ ఊర్లో ఎన్ని ఇండ్లు ఇచ్చినారో లెక్క వేసి బయటపెట్టినారు. అట్ల 2 లక్షలకు పైగా ఇండ్లు పాత యజమానులకు చేరినాయి. చానామంది తాళం చేతికొచ్చినాక ఆ ఇల్లు అమ్ముకుని వాళ్ళ జాతివాళ్ళు ఎక్కువుండే చోటికి పోయినారు, దాన్ని చూపించి అది ఫెయిల్యూర్ అంటారు కొందరు. నాకైతే అట్ల అనిపించదు. తరిమితే పోవడం వేరు, అమ్ముకుని పోవడం వేరు. నా దగ్గరకొచ్చిన ఆమెను ఊర్లో పోయి ఉండమని ఎవరూ అడగబన్లేదు, ఆ మూడెకరాలు కౌలుకిచ్చుకుంటాదో అమ్ముకుంటాదో ఆమె ఇష్టం, ముందు పాసుపుస్తకం ఆమె పేరు మీద రావాల.

ఇక్కడే ఇంకో చిక్కు ఉంది, దీన్ని పెద్ద పెద్ద రిపోర్టుల్లో ఒక మూలన రాస్తారు గానీ ఆఫీసు చుట్టూ తిరిగినోడికి అదే మొదటి గోడ. మనిషి చచ్చిపోయినాడు అంటే డెత్ సర్టిఫికెట్ ఉంటుంది, దాన్ని పట్టుకుని వారసుల సర్టిఫికెట్, దాన్ని పట్టుకుని మ్యుటేషన్. మరి మనిషి మాయమైతే? మన చట్టం ప్రకారం ఏడేండ్లు ఏ కబురూ లేకపోతే చనిపోయినట్టు భావించొచ్చు, దానికి కూడా కోర్టుకు పోవాల. పైగా పెండ్లాం తన నోటితో తాను "చచ్చిపోయినాడు" అని అర్జీలో రాయించుకోవాల. శవం చూడని ఆడమనిషికి అది ఎంత కష్టమో ఆలోచించండి. శ్రీలంకలో 2009లో యుద్ధం ముగిసినాక తమిళ తల్లులు సరిగ్గా ఇదే అన్నారు, డెత్ సర్టిఫికెట్ మాకొద్దు, మా పిల్లోళ్ళను సైన్యానికి మా చేతుల్తో అప్పజెప్పినాం, ఏమైనారో చెప్పండి అని. చివరికి 2016లో అక్కడ చట్టం మార్చి, మనిషి కనపడడం లేదు అని మాత్రమే చెప్పే సర్టిఫికెట్ ఒకటి తెచ్చినారు, దాంతో బ్యాంకు పనులు, భూమి పనులు చేసుకోవచ్చు, చచ్చిపోయినాడని ఒప్పుకోబన్లేదు. ఎవరు ఆలోచించినారో గానీ ఆ ఆలోచన చేసినోళ్ళకు దండం పెట్టాల. అయితే ఆ కాగితం ఒకటే ఇచ్చి నిజం మాత్రం ఇయ్యలేదు. కిలినొచ్చిలో తల్లులు 2017 ఫిబ్రవరిలో రోడ్డు పక్కన టెంటు వేసుకుని కూర్చున్నారు, వాళ్ళల్లో కొంతమంది జవాబు రాకుండానే కన్నుమూసినారు.

తర్వాత సాక్షి. మన దేశంలో 2018 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు సాక్షుల రక్షణ పథకాన్ని ఆమోదించి అన్ని రాష్ట్రాలూ పాటించాల అని చెప్పింది. దాని ప్రకారం సాక్షి అర్జీ పెట్టుకుంటే, ప్రమాదం ఎంతుందో పోలీసులు రిపోర్టు ఇస్తే, జిల్లా జడ్జి గారి ఆధ్వర్యంలోని కమిటీ రక్షణ ఆర్డరు ఇస్తుంది. ఇన్నేండ్లలో ఆ అర్జీ రాయమని నా దగ్గరకు ఒక్కరూ రాలేదు. ఊర్లో ఉండే సాక్షికి కోర్టులో చెప్పే రోజు కంటే చెప్పినాక వచ్చే పదేండ్లు ముఖ్యం. గేటు దగ్గర ఒక కానిస్టేబుల్ను రెండు నెలలు పెడితే ఆయన సేనికి నీళ్ళు ఎవరు వదుల్తారు, ఆయన కూతురికి సంబంధం ఎవరు తెస్తారు.

పోలీసు సంగతి పొట్టిగా చెప్తా, ఎక్కువ చెప్తే మళ్ళీ రేపు స్టేషన్‌కు అర్జీలు తీసుకుపోవాల్సింది నేనే. ఉత్తర ఐర్లాండ్‌లో కాథలిక్కులకు, ప్రొటెస్టెంట్లకు మధ్య కొట్లాట ఆపే 1998 ఒప్పందం అయినాక పోలీసుశాఖ పేరు, బ్యాడ్జీ అన్నీ మార్చి, 2001 నుంచి పదేండ్లు చేర్చుకునేవాళ్ళల్లో సగంమంది కాథలిక్కులు ఉండాల అని రూల్ పెట్టినారు. అంతకుముందు పోలీసుల్లో వాళ్ళు నూటికి 8 మంది, పదేండ్లకు 30 దగ్గరకు వచ్చినారు. అక్కడ అర్థమైన సంగతి ఏందంటే, స్టేషన్ ఎవరిదో ఊరికి ముందే తెలిసిపోతే ఇంక ఎన్ని హక్కులు రాసినా ఎవరూ గుమ్మం ఎక్కరు. మన దగ్గర ఫలానా ఎస్సై ఎవరి సిఫారసుతో వచ్చినాడో టీకొట్టు దగ్గర చెప్పేస్తారు.

హక్కుల ఉద్యమకారుడు బాలగోపాల్ గారి పేరు ఇక్కడ చెప్పకపోతే బాగుండదు. ప్రభుత్వం చంపినప్పుడే మానవహక్కులు, ఉద్యమం పేరుతోనో పార్టీ పేరుతోనో వేరేవాళ్ళు చంపితే అది వేరే సంగతి అనేవాళ్ళతో గొడవపడి, 1998లో తనలాంటి కొందరితో కలిసి మానవ హక్కుల వేదిక పెట్టినాడు. రెండు పక్కలా తిట్లు తిన్నాడు. యుద్ధం నుంచి లేస్తున్న దేశాల్లో అన్నిచోట్లా ఈ తగాదా వస్తుంది, గెలిచినోడు ఓడినోడి నేరాలే లెక్కపెడతాడు. రెండూ లెక్కపెట్టకపోతే అది హక్కులు కాదు, ఇంకో పార్టీ అంతే.

ఆఖర్న కమిషన్. రాష్ట్ర మానవ హక్కుల కమిషన్ ఆఫీసు 2021లో మన కర్నూల్లోనే తెరిచినారు, ఆ వార్త వచ్చినప్పుడు మా కలెక్టరేట్ దగ్గర అర్జీలు రాసేవాళ్ళమంతా భలే సంతోషపడినాం, పని కూడా పెరుగుతుందని లోపల ఆశ కూడా ఉందిలెండి. ఫీజు లేదు, లాయర్ అవసరం లేదు, తెలుగులో తెల్లకాగితం మీద రాసిచ్చినా తీసుకుంటారు. కానీ దాన్ని పుట్టించిన 1993 చట్టంలో రెండు సంగతులు చూడాల. ఒకటి, కమిషన్ సిఫారసు చేస్తుంది, ఆర్డరు వేయలేదు. రెండోది సెక్షన్ 36, ఘటన జరిగిన ఏడాది దాటితే కమిషన్ విచారణ చేయకూడదు. ఏడాది! కొట్లాట నడిచే ఊర్లో ఏడాదిలోపు ఎవరైనా నోరు తెరుస్తారా? దినాలు, కేసులు, ఊరు మారడం, పిల్లోళ్ళ బడి, ఇవి సర్దుకునేసరికే మూడేండ్లు. భయం తగ్గేది చంపినోడు ముసలోడైనాకనో, పార్టీ మారినాకనో. నేపాల్లో అత్యాచారం జరిగితే 35 రోజుల్లోపే ఫిర్యాదు ఇయ్యాల అని పాత చట్టం ఉండేది, యుద్ధంలో సైనికుల చేతిలో, తిరుగుబాటు వాళ్ళ చేతిలో అత్యాచారానికి గురైన ఆడవాళ్ళు శాంతి వచ్చినాక స్టేషన్‌కు పోతే టైం అయిపోయింది అన్నారు. ఆ గడువు తర్వాత కాస్త పెంచినారు గానీ అప్పటివాళ్ళకు అది ఏం పనికొచ్చింది.

దక్షిణాఫ్రికా వాళ్ళకు అంతా బాగా చేసినారని పేరు. తెల్లవాళ్ళ జాతివివక్ష పాలన పోయినాక మతగురువు డెస్మండ్ టుటు కమిషన్ పెద్దగా కూర్చుని అందరి ముందర నిజాలు చెప్పించినాడు, పూర్తిగా నిజం చెప్తేనే క్షమాభిక్ష అన్నారు, 7 వేలకు పైగా దరఖాస్తులొస్తే 849 మందికే ఇచ్చినారు. అంతవరకు గొప్పగానే ఉంది. క్షమాభిక్ష దక్కనివాళ్ళ మీద కేసులు పెట్టాల కదా, అది చానావరకు చేయలేదు, బాధితులకు కమిషన్ చెప్పినదాంట్లో చిన్న భాగం, 30 వేల ర్యాండ్లు, ఒక్కసారికి ఇచ్చి చేతులు దులుపుకున్నారు. 1985లో క్రాడాక్ ఊరి నలుగురు ఉద్యమకారులను పోలీసులు చంపితే, వాళ్ళ పెండ్లాలు, బిడ్డలు పట్టు వదలకుండా తిరిగి తిరిగి 2025 జూన్‌లో కోర్టు విచారణ మళ్ళీ మొదలయ్యేటట్టు చేసుకున్నారు. నలభై ఏండ్ల తర్వాత. మన సెక్షన్ 36 లెక్కన చూస్తే వాళ్ళకు 1986లోనే తలుపు మూసేసింటారు.

ఆ సెక్షన్ పార్లమెంటు చేసిన చట్టంలోది కాబట్టి మన ఎమ్మెల్యేలను పట్టుకుంటే లాభం లేదు, అడగాల్సింది ఎంపీలను. పనికొచ్చే మార్పు చానా చిన్నది, సరైన కారణం చూపిస్తే ఏడాది దాటినా తీసుకోవచ్చు అని ఒక వాక్యం చేర్చితే చాలు, సివిల్ కోర్టుల్లో అప్పీళ్ళ ఆలస్యాన్ని అట్లనే మన్నిస్తారు కదా. ఆమె మ్యుటేషన్ అర్జీ మాత్రం ఇంకా తహసీల్దార్ ఆఫీసులోనే ఉంది, బావ అభ్యంతరం పెట్టినాడంట, వచ్చే సోమవారం మళ్ళీ రమ్మన్నా.